గొంగడితో క్లిఫ్డెన్ దాకా

అక్టోబరు మూడో శనివారం ఉదయం ఎనిమిదింబావుకు నేనూ మా బిడ్డ శ్రీలతా ఐరిష్ వాళ్ల ఊరు గాల్వేలోని మా ఇంటి నుంచి బయలుదేరాము. ఆమె వీపున సంచిలో పులిహోర డబ్బా, ఫ్లాస్కులో చాయ. నా చేతిలో పాత దుప్పటిలో మూట కట్టిన గొంగడి. వెళ్లవలసింది క్లిఫ్డెన్ అనే ఊరికి. గాల్వే నుంచి పడమటికి బస్సులో రెండు గంటల లోపు ప్రయాణం, ఆ తర్వాత సముద్రమే. ఆ దారిన పోయేవాళ్లు కొండలు, సరస్సులు చూడటానికి పోతారు. మేము పోయింది ఒక పెద్దామెకు ఈ గొంగడి చూపించి, ఇది మళ్లీ వాన ఆపుతుందా లేదా అని అడగడానికి.

గొంగడి మా ఆయనది. మాది సిద్దిపేట దగ్గర పల్లె. గొర్రెలు కాసే కురుమలం. నల్లగొర్రెల ఉన్ని నేను వడికితే మా మామ మగ్గం మీద నేశాడు. చింతగింజలు వేయించి, నానబెట్టి, రుబ్బి, గంజిలా కాచి దారానికి పట్టిస్తే అది బిగిసి, బట్ట గట్టిపడుతుంది. దాన్ని మడిచి తల మీదుగా కొప్పెర వేసుకుంటే ఎంత వానైనా లోపలి అంగీ తడవదు. ముప్పై ఏళ్లు ఆయన దానితోనే గొర్రెల వెంట తిరిగాడు. పోయిన ఏడాది ఆయన పోయాక నేను శ్రీలత దగ్గరికి వచ్చాను. నా సామానులో అన్నిటికంటే బరువైంది ఈ గొంగడే. గాల్వేలో వాన పడని రోజులు తక్కువ. పొద్దున నడకకు పోయినా, దుకాణానికి పోయినా దాన్నే కప్పుకొనేదాన్ని.

తడిసిన గొంగడి గొర్రె వాసన వేస్తుంది. మాది అద్దె ఇల్లు. సెప్టెంబరు చివర ఇంటి యజమాని తరఫు ఏజెంటు ఇల్లు చూడటానికి వస్తున్నాడని కబురు వచ్చింది. ఇక్కడ అప్పుడప్పుడూ అలా వచ్చి గోడల చెమ్మ, మూలల బూజు చూసి పోతారు. మా లీజు మరుసటి నెలతో ముగుస్తోంది. ఈ ఊళ్లో ఇంకో ఇల్లు దొరకడం అంత తేలిక కాదు. నేను మధ్యాహ్నం నడుం వాల్చిన సమయంలో శ్రీలత వాసనకు భయపడి గొంగడిని వాషింగ్ మెషిన్‌లో వేసింది. అరవై డిగ్రీల వేడినీళ్లు, సబ్బు, ఆపైన డ్రయర్. నేను లేచి వచ్చేసరికి మెషిన్ అద్దానికి చింతగింజల గంజి గోధుమరంగు జిగురై అంటుకొని ఉంది. శ్రీలత చేతుల్లో గొంగడి సగానికి ముడుచుకుపోయి ఉంది.

అప్పుడు నేనొక మాట అన్నాను. "మీ నాయనను రెండోసారి సంపినవ్."

ఆమె ఏడవలేదు. వంగి మెషిన్ అద్దం తుడిచింది. ఆ తర్వాత మూడు వారాలు మా ఇద్దరి మధ్య "తిన్నవా", "తలుపేసినవా" అనే మాటలు తప్ప వేరే మాట నడవలేదు. తన ఆఫీసులో ఒకామెకు క్లిఫ్డెన్ దగ్గర నోరా అని మేనత్త ఉందనీ, ఉన్ని పని తెలిసిన మనిషనీ, శనివారం పోదామనీ శ్రీలతే అన్నది. సరే అన్నాను. గొంగడి బాగైతే ఆ మాట కూడా ఎటో పోతుందని నా ఆశ.

బస్సు తొమ్మిది గంటలకు. రానూ పోనూ టికెట్ ఒకేసారి తీసుకుంటే కొంత తక్కువ పడుతుంది. ఇద్దరికీ కలిపి ముప్పై యూరోలు దాటింది. ఇక్కడ దారి పొడవునా బోర్డుల మీద ఊరి పేరు రెండు వరుసల్లో ఉంటుంది. పై వరుస ఐరిష్, కింది వరుస ఇంగ్లీషు. నాలా ఒక్కో అక్షరం కూడబలుక్కొని చదివేవాళ్లు పై వరుస జోలికి పోకూడదు. నేను పోయాను. అది చదవడం పూర్తయ్యేలోపు ఊరే దాటిపోయింది.

ఎడమవైపు రెండో వరుసలో కూర్చున్నాము. నడవా అవతల ఒక తెలుగమ్మాయి. పేరు అనూష, భీమవరం దగ్గరి పిల్ల. గాల్వేలో ఎమ్మెస్సీ చదువుతూ, శని ఆదివారాలు క్లిఫ్డెన్‌లో ఒక హోటల్లో పని చేస్తుందట. కాసేపు నా మూట వైపు చూసి ఉండబట్టలేక అడిగింది.

"ఏంటాంటీ, అంత జాగ్రత్తగా పట్టుకున్నారు? పులసచేప గానీ తెచ్చారా?"

"గొంగడి బిడ్డా."

"గొంగళా! మా తాతయ్యకి ఉండేదండి. ముళ్లలా గుచ్చుకునేది బాబోయ్." తన మీది రెయిన్‌కోటు కొస పట్టుకొని చూపించింది. "వచ్చిన కొత్తలో మూడు గొడుగులు గాలికి సమర్పించుకున్నానండి. తర్వాత ఇది కొన్నాను. ఇందులో వానకి తడుస్తున్నానో చెమటకి తడుస్తున్నానో నాకే తెలీదు."

శ్రీలత నవ్వింది. మూడు వారాల్లో ఆ నవ్వు వినడం నాకు అదే మొదలు. కానీ అది అనూష మాటకు వచ్చిన నవ్వు.

తొమ్మిదిన్నర లోపే మోయ్‌కల్లెన్, పది కావస్తుండగా ఊక్టరార్డ్ దాటాము. అక్కడి దాకా చెట్లు, ఇళ్లు, గోడలు. ఆ తర్వాత చెట్లు లేవు. గోధుమరంగు తడి నేల, మధ్య మధ్య నల్లటి నీటి మడుగులు, పొగమంచులో సగం మాయమైన కొండలు. సన్నగా వాన పడుతోంది. ఆ వానలో గొర్రెలు నిలబడి మేస్తున్నాయి. ఎవరి గొర్రె ఏదో తెలియడానికి వీపుల మీద నీలం, ఎరుపు రంగులు పూశారు. వీటి ఉన్ని మా గొర్రెల ఉన్నిలా పొట్టిగా ఉండదు. పొడుగ్గా, పాయలు పాయలుగా కిందికి వేలాడుతుంది. నీళ్లు ఆ పాయల కొసల నుంచి జారిపోతున్నాయి. కాపరి కోసం చూశాను. మామ్ క్రాస్ అనే కూడలి దాకా ఒక్కడూ కనబడలేదు.

పదీ యాభైకి క్లిఫ్డెన్‌లో దిగాము. అనూష "మీ గొంగళి బాగవ్వాలాంటీ" అని చెప్పి హోటలు వైపు పరుగెత్తింది. నోరా కారు పక్కన నిలబడి ఎదురుచూస్తోంది. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, కత్తిరించుకున్న తెల్లజుట్టు. ఆమె నా చేయి పట్టుకొని ఏదో అన్నది. శ్రీలత తెలుగులో చెప్పింది: "ఇయ్యాల మెత్తటి రోజంట అమ్మా. జల్లు పడే రోజును ఈళ్లు గట్లనే అంటరు."

నోరా ఇల్లు ఊరి నుంచి పది నిమిషాల దూరం. ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో ఒక పక్క మగ్గం. మిగిలిన గోడ నిండా వరసగా వాన బట్టలు వేలాడదీసి ఉన్నాయి. టికెట్ లేదు, బోర్డు లేదు. అడిగినవాళ్లకు చూపిస్తుంది. నేను మూట విప్పబోతే ఆగమని చేత్తో సైగ చేసి, ముందు ఆ గోడ చూడమన్నది. చూస్తేనే నీ బట్టకు ఏమైందో తెలుస్తుందని శ్రీలత చేత చెప్పించింది.

మొదటిది ముదురు బూడిదరంగు ఉన్ని దుప్పటి. వందల ఏళ్ల కిందట ఈ దేశంలో ఆడా మగా అందరికీ వాన బట్ట అదే. ఈ దుప్పటిని నోరా పాత పద్ధతిలో తానే నేసి పెట్టింది. నేశాక బట్టను వేడినీళ్లలో వేసి, ఆడవాళ్లు చుట్టూ కూర్చొని పాదాలతో గంటల తరబడి తొక్కేవాళ్లట. ఉన్ని ముడుచుకొని, పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని, బట్ట మందమయ్యేదాకా తొక్కడమే. ఆ నీళ్లలో ఏం కలిపేవారో చెప్పేటప్పుడు శ్రీలత కొంచెం తడబడి "పాత నీళ్లు" అన్నది. నోరా ఆమె ముఖం చూసి, "ఉచ్చ అని చెప్పావా లేదా?" అని అడిగి గట్టిగా నవ్వింది. నిలవ ఉంచిన ఉచ్చ మురికిని, జిడ్డును వదిలిస్తుందట. పని అయ్యాక బాగా జాడించి ఆరేసేవారట.

రెండోది నోరా నాయనమ్మ కుట్టిన కోటు. పడవ మీద చేపలకు పోయే మగవాళ్ల కోసం ఇక్కడి ఆడవాళ్లు ఇంట్లోనే చేసేవాళ్లు. పిండి సంచుల గుడ్డను ఉతికి, కుట్టి, అవిసె నూనెలో ముంచి ఆరేయడం. ఆరడానికి రోజులు పట్టేది. ఆరాక మళ్లీ నూనె, మళ్లీ ఆరబెట్టడం. అలా మూడు నాలుగు సార్లు. నూనె తుడిచిన గుడ్డపేలికలు కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకొనేవట. కోటును ముట్టుకుంటే ఇప్పటికీ వేలికి జిగురు తగిలింది. లోపలివైపు పిండి మిల్లు అచ్చు లీలగా ఉంది. ఒక్కో అక్షరం చదివాను. 'బెస్ట్' అని ఉంది.

ఆ పక్కన రెండు గుడ్డల మధ్య రబ్బరు పూసి అతికించిన కోటు. ఆ రకం స్కాట్లాండు నుంచి వచ్చిందట. మొదట్లో చలికి చెక్కలా బిగిసి, ఎండకు సాగి వాసన వచ్చేదట. రబ్బరును గంధకంతో ఉడికించడం నేర్చాక బాగుపడింది. తర్వాతది నోరా నాయన వేసుకున్న పసుపు ప్లాస్టిక్ కోటు. "ఇది వానను లోపలికి రానివ్వదు, మనిషి ఆవిరిని బయటికి పోనివ్వదు. మా నాయన ఇంటికొచ్చి దీన్ని విప్పితే కుండలోంచి తీసిన ఆలుగడ్డలా ఉండేవాడు," అన్నది.

చివర ఒక పలుచటి నీలం జాకెట్. ఈ కాలంది. దాన్ని చూడగానే శ్రీలత దగ్గరికి పోయి లోపలి పొర వేళ్లతో తడిమింది.

"అమ్మా, దీంట్ల కంటికి కనబడని రంధ్రాలుంటయి. ఆవిరి పోతది, నీటిబొట్టు రాదు. మా కంపెనీల గిసొంటి పొరతోనే గొట్టాలు చేస్తం."

"ఏం గొట్టాలు?"

"రక్తనాళాలు. మనిషికి కాలిల నాళం పూడుకుపోతే దాని బదులు ఇది పెడతరు. నా పని అండ్ల ఎక్కడన్న లీకు ఉన్నదా అని చూసుడు. ఒక్క చుక్క పోయినా ఆ పీసు పక్కకు పెట్టాలె."

ఆమె ఆ ఉద్యోగంలో చేరి ఆరేళ్లు. కంప్యూటరు ముందు కూర్చొనే పని అనుకున్నాను. ఏం చేస్తావని నేను ఎప్పుడూ అడగలేదు.

పన్నెండు గంటలకు మూట విప్పాను. నోరా గొంగడిని వెలుతురులోకి పట్టుకొని చూసింది, వాసన చూసింది, రెండు వేళ్ల మధ్య నలిపింది. నేల మీద పాత వార్తాపత్రిక పరిచి, ఒక వైపు రెండు కొసలు నాకు, ఇంకో వైపు రెండు కొసలు శ్రీలతకు ఇచ్చి, నడుమ గుంటగా వదలమన్నది. ఏం చేయబోతుందో నాకు చెప్పనక్కరలేదు. మా దగ్గర గొంగడి కొనేవాడు కూడా అట్లాగే పట్టుకొని చెంబెడు నీళ్లు పోసి చూస్తాడు. నోరా జగ్గుతో నీళ్లు పోసి చేతి గడియారం చూసుకుంది.

నిమిషం గడవకముందే కాగితం మీద చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. శ్రీలత తల వంచుకొని ఉంది. నోరా మాత్రం మోకాళ్ల మీద కూర్చొని, కింది నుంచి బట్ట అంతా వేలితో తడుముతోంది. లేచి ఏదో చెప్పింది.

"ఏమంటుంది?" అన్నాను.

"బట్టకు ఏం కాలేదంటుంది. ఈడి ఆడోళ్లు కాళ్లతోని తొక్కి తొక్కి చేసేదాన్ని మెషిన్ రెండు గంటల్ల చేసిందంట. సైజు మల్ల రాదు. గని నేత ముందటి కంటే బిగిసిందంట. పోయింది గంజి, ఉన్ని జిడ్డు. బట్ట బిగిసింది గనక గంజి అక్కెర లేదు, జిడ్డు మల్ల పట్టియ్యొచ్చంట."

"మరి చుక్కలు?"

శ్రీలత నా ముఖం వైపు చూడలేదు. "అవి కుట్టు కాడికెల్లి పడుతున్నయంటుంది. మిగిలిన బట్ట చెమ్మగిల్లింది గని కారుతలేదు."

నోరా నా వేలు పట్టుకొని అక్కడ పెట్టింది. ఎడమ భుజం మీద పడే చోటు. పెళ్లైన కొత్తలో ముళ్లకంపకు తగిలి జానెడు చిరిగితే నేనే కుట్టాను, నైలాన్ దారంతో. తెగదని ఆ దారం కొన్నాను. ఉన్ని దారమైతే తడిసినప్పుడు ఉబ్బి సూది రంధ్రాన్ని మూసేస్తుందనీ, నైలాన్ ఉబ్బదు కాబట్టి ప్రతి రంధ్రమూ తెరుచుకొనే ఉంటుందనీ నోరా చెప్పింది. ఈ కుట్టు మొదటి రోజు నుంచీ కారుతూనే ఉండి ఉంటుందని కూడా అన్నది.

మా ఆయన కొప్పెర వేసుకునేటప్పుడు ఎడమ భుజం మీద ఎప్పుడూ ఒక మడత ఎక్కువ వేసుకొనేవాడు. అందుకు కుడివైపు పొట్టిగా పైకి లేచి, చేయి తడిసేది. అది ఆయన అలవాటనుకున్నాను. ఒకటి రెండు సార్లు "గొంగడి సక్కగ కప్పుకోవుడు కూడా రాదు" అని ఎగతాళి చేశాను. నవ్వేవాడు. నీ కుట్టు కారుతోందని ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా అనలేదు.

నేను అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. నోరా టీ పెట్టడానికి లోపలికి పోయింది.

ఒంటిగంటకు భోజనం. మా పులిహోర, నోరా చేసిన కూరగాయల సూపు, ముతక గోధుమ రొట్టె, వెన్న. పులిహోరలో ఎండుమిరపకాయను ఆమె పూర్తిగా నమిలి, నీళ్లు తాగి, "గ్రాండ్," అన్నది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఇంకొంచెం పెట్టించుకుంది.

తర్వాత పని. తడిసిన నడుమ భాగాన్ని పొయ్యి దగ్గర ఆరబెట్టాము. ఉన్ని కడిగేటప్పుడు దిగే గొర్రె కొవ్వును శుభ్రం చేసి డబ్బాల్లో అమ్ముతారు. పసుపుగా, గట్టి నెయ్యిలా ఉంటుంది. నోరా దాన్ని వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించింది. అరచేతికి కొంచెం తీసుకొని, చేతులు రుద్ది వేడి చేసి, బట్టకు పట్టించాలి. ఒకేచోట ఎక్కువైతే మరక. తక్కువైతే వాన దూరుతుంది. నేను ఒక కొస నుంచి, శ్రీలత ఇంకో కొస నుంచి మొదలుపెట్టాము. రెండు గంటలకు పైగా పట్టింది. నడుమ దగ్గర మా చేతులు తగిలాయి. ఆమె చేతులు పక్కకు తీయలేదు.

"ఇంట్ల ఇప్పుడు ఇంకా ఎక్కువ వాసనొస్తది," అన్నాను.

"రానియ్. ఏజెంటు వచ్చి పోయిండు. లీజు రాసుకున్నం."

"ఎప్పుడు?"

"రెండు వారాలైంది. నీకు చెప్పలే."

ఆ రెండు వారాల్లో నేను అడగలేదు కూడా.

చివరికి నైలాన్ కుట్టు నేనే విప్పాను. నోరా ఇచ్చిన నల్ల ఉన్ని దారానికి కొవ్వు పట్టించి, మొద్దు సూదితో మళ్లీ కుట్టాను. నాలుగున్నరకు రెండోసారి నీళ్లు పోశాము. నీళ్లు గొంగడి నడుమ తామరాకు మీద నిలిచినట్టు నిలిచాయి. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. కాగితం పొడిగానే ఉంది. నోరా నీళ్లు బయట పారబోసి, ఏడాదికి ఒకసారి కొవ్వు పట్టించమని చెప్పి, మిగిలిన డబ్బా నా చేతికిచ్చింది. డబ్బులు తీసుకోలేదు. మళ్లీ వచ్చేటప్పుడు ఆ కారం అన్నం తెమ్మన్నది.

తిరుగు బస్సు ఐదుంబావుకు. చీకటి పడే వేళకు ఆ దారిలో బస్సులు పలుచబడతాయి. ఈ ఊరికి వచ్చేవాళ్లు పోయే బస్సు వేళ కూడా ముందే చూసుకోవాలి. బస్సులో మేము కాక నలుగురే ఉన్నారు. గొంగడి మా ఇద్దరి ఒళ్లో ఉంది. కొండలు నల్లబడి, నీటి మడుగుల్లో మాత్రం కొంచెం వెలుతురు మిగిలింది. చెప్పవలసిన మాట మామ్ క్రాస్ దగ్గర నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఊక్టరార్డ్ దీపాలు కనబడ్డాక అన్నాను.

"ఆ దినం నేను అన్న మాట తప్పు, శ్రీలతా."

"ఏ మాట?"

"నీకు తెలుసు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. "తెల్సు," అన్నది.

"మర్సిపో బిడ్డా."

"ఎట్ల మర్సిపోత? నువ్వు అన్నవ్, నేను విన్న." గొంగడి అంచు వేళ్లతో సవరించింది. "నాయన గురించి ఏడ్వాల్నంటే కూడా నీ ముంగట భయమైంది అమ్మా. గాయన నాకు కూడా నాయననే గదా."

కారే కుట్టును ఆయన ముప్పై ఏళ్లు దాచిన సంగతి చెప్పాను. భుజం మీది మడత సంగతి, నేను చేసిన ఎగతాళి సంగతి, ఆయన ఊరికే నవ్విన సంగతి చెప్పాను. ఆమె విన్నది. విని, ముఖానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకొని ఏడ్చింది. మోయ్‌కల్లెన్ దాకా నేను ఆమె వీపు మీద చేయి వేసి కూర్చున్నాను.

ఏడు కావస్తుండగా గాల్వేలో దిగాము. కనెమారా అనే ఆ పడమటి సీమకు పోయి వచ్చి, అక్కడి కొండల పేర్లు ఒక్కటీ చెప్పలేను. సరస్సులు ఎన్నో చెప్పలేను. వానను ఆపడానికి మనుషులు ఉన్నితో, నూనెతో, రబ్బరుతో, కనబడని రంధ్రాలతో ఎంత పాటుపడ్డారో ఒక రేకుల షెడ్డులో చూసి వచ్చాను. వాటిలో సగం ఇంట్లో ఆడవాళ్లు చేసినవే.

బస్టాండు కప్పు కింద నిలబడితే బయట జోరుగా వాన. ఇల్లు ఇరవై నిమిషాల నడక. గొంగడి ఇప్పుడు ఒక్క మనిషి తలకూ భుజాలకూ సరిపోయేంతే ఉంది. శ్రీలత దాన్ని నా మీద కప్పబోతే నేను తీసి ఆమె తల మీద వేసి, మడతలు సరిచేసి, కొసలు గడ్డం కింద ఆమె చేతికిచ్చాను. ఆమె జాకెట్ నేను తొడుక్కున్నాను. పక్కపక్కనే నడిచాము. మొదటి వీధి మలుపు దగ్గర అడిగాను.

"తడుస్తున్నవా?"

చేయి లోపలికి పోనిచ్చి ఎడమ భుజం తడుముకుంది.

"ఇప్పటిదాకైతే లేదు," అన్నది.